ఫోను ఆయన దగ్గర, కడుపు నా దగ్గర

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మొదటి కాన్పు, ఆరో నెల నడుస్తోంది. మా ఆయన చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్తారు. నెల తప్పాక పేరు రాయించుకున్నప్పుడు నర్సమ్మకి ఆయన నంబరే ఇచ్చాం. గర్భిణులకు ప్రభుత్వం పంపే ఆరోగ్య సలహాల రికార్డు కాల్, కిల్కారి అంటారు, అది ఇప్పుడు వారం వారం ఆయనకే వస్తోంది. సైటు మీద ఉంటే కట్ చేసేస్తారు. ఎప్పుడైనా విన్నా, రాత్రి ఫోన్ చేసి 'ఏవో మాత్రలు వేసుకోమంటోంది' అంటారు, అంతే. మొన్న 'నాలుగో నెల వచ్చింది అంటోంది, నీకు ఆరు కదా' అని నవ్వారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మా అత్తగారిది. ఆవిడకి చదవడం రాదు. మా ఆడపడుచు అందులో వాట్సాప్ మెసేజ్‌లు పెడుతుంటే నేనే చదివి వినిపిస్తాను: బొప్పాయి తినకూడదు, కుంకుమపువ్వు పాలు తాగాలి, గ్రహణం రోజు కదలకూడదు. 'గర్భిణులకు 6,000, ఈ లింకు నొక్కండి' అని కూడా ఒకటి వచ్చింది. రక్తానికని ఇచ్చిన ఎర్ర మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారు ఆపించారు. నాకూ వాటితో వికారంగానే ఉండేది. కాల్‌లో డాక్టరమ్మ వేసుకోమందట అంటే 'మేము కనలేదా' అంటారు. ఎవరి మాట వినాలి? ఫోను ఆయన దగ్గర, కడుపు నా దగ్గర. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివర రాసిన మాట నాకు గుచ్చుకుంది. ముప్పై ఏళ్లకు పైగా పల్లెల్లో నర్సమ్మగా తిరిగినదాన్ని. గర్భిణి పేరు ఎక్కించేటప్పుడు ఫోన్ నంబరు రాసి, అది ఎవరిదో కూడా పక్కన రాయాలి. 'భర్త' అని రాసేసి తర్వాతి గడికి వెళ్లిపోయేదాన్ని. ఆ భర్త ఊళ్లో ఉంటాడా, పైఊళ్లో ఉంటాడా అని ఏనాడూ అడగలేదు. నీకు రావాల్సిన కాల్ చెన్నైలో సెంట్రింగ్ చెక్కల మధ్య మోగుతోందంటే నాలాంటివాళ్ల తొందర కూడా అందుకు కొంత కారణమే. నా కూతురికన్నా చిన్నదానివి, నువ్వు అనే రాస్తాను.

ముందు నెల లెక్క తేల్చుకుందాం. మీ ఆయన నవ్వి ఊరుకున్న మాటే నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది. ఆ కాల్‌లో మాట్లాడే గొంతుకి నీ కడుపు ఎంత పెరిగిందో తెలియదు. నర్సమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఒక్క తేదీ తెలుసు, నీ చివరి ముట్టు మొదటి రోజు. అక్కడి నుంచి వారాలు లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఆ తేదీ తప్పు పడితే ఆరో నెలలో నాలుగో నెల కబుర్లు చెబుతుంది. నొప్పులొచ్చే నెలలో ఏడో నెల కబుర్లు చెబుతుంది.

మన పల్లెల్లో ఆ తేదీ ఎలా చెబుతారో నాకు తెలుసు. 'ఎప్పుడు ముట్టయ్యావే' అంటే 'కనుమ నాడు తలకి పోసుకున్నాను' అంటారు. తలకి పోసుకున్నది మొదటి రోజు కాదు కదా. ఒక పిల్లయితే 'మా చిన్నత్త కూతురి పెళ్లయిన వారానికి' అంది. ఆ పెళ్లి ఎప్పుడో తేలక శుభలేఖ తెప్పించి చూశాను. పైగా మనం నడుస్తున్న నెలని కూడా కలిపి చెబుతాం, కాల్ పూర్తయిన వారాలనే లెక్కలోకి తీసుకుంటుంది. అందుకని ఒక నెల అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. రెండు నెలలు తేడా వస్తోందంటే మాత్రం ఎక్కడో తేదీ తప్పింది.

నీకిచ్చిన తల్లీబిడ్డల కార్డు తీసి చూడు. అందులో చివరి ముట్టు తేదీ, దాని పక్కనే కాన్పు తేదీ రాసి ఉంటాయి. లెక్క సులువే, మొదటి తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపు. జనవరి 15 అయితే అక్టోబరు 22. మొదటి మూడు నెలల్లో స్కానింగ్ తీయించుకుని ఉంటే ఆ రిపోర్టులోనూ ఒక తేదీ ఉంటుంది. రెండూ బాగా తేడాగా ఉంటే డాక్టరు ఏది ఖాయం చేస్తే అదే పట్టుకో. కార్డునీ రిపోర్టునీ మీ నర్సమ్మ (ఏఎన్‌ఎం) ముందు పెట్టి, కంప్యూటర్‌లో ఏముందో చూసి సరిచేయమను. ఇది కాల్ కోసం మాత్రమే కాదు. నీకు నిజంగా ఆరో నెలే అయితే, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఈపాటికి అయిపోయి ఉండాలి. గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకు చేసే షుగర్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య పడాలి. నాలుగో నెలే అయితే వాటికింకా టైముంది. ఏ నెలో తేలకపోతే వీటిలో ఏదీ తేలదు.

ఇక ఆ కాల్ సంగతి. పసిపిల్లల కేరింతని హిందీలో కిల్కారి అంటారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 జనవరిలో దీన్ని మొదలుపెట్టింది. నాలుగో నెల నుంచి బిడ్డకి ఏడాది నిండేదాకా వారానికొకటి, మొత్తం 72. ఒక్కోటి రెండు నిమిషాలు ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఇదంతా మెసేజ్‌గా పంపితే పోయేదిగా అంటారు కొందరు. ఆ ముచ్చటా చూశాం. తెలుగులో పంపితే పాత ఫోన్లలో డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపితే చదివే దిక్కు ఉండేది కాదు. ఒక పెద్దాయన కోడలికొచ్చిన టీకా మెసేజ్‌ని కరెంటు బిల్లనుకుని నా దగ్గరికి పట్టుకొచ్చి, 'మొన్ననే కట్టాం కదమ్మా' అన్నాడు. అమెరికాలో 2010 నుంచి గర్భిణులకు ఇలాంటి మెసేజ్‌లు ఉచితంగా పంపారు. దక్షిణాఫ్రికాలో 2014లో మొదలుపెట్టినదాంట్లో తల్లి తిరిగి ప్రశ్న కూడా అడగొచ్చు. మన కాల్‌కి ఆ సౌకర్యం లేదు, అది చెబుతుంది, మనం వింటాం. అడగాల్సింది ఉంటే ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఆశాని అడగాలి, లేదా విలేజ్ క్లినిక్‌కి వెళ్తే ఈ-సంజీవని వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడిస్తారు.

కాల్ తప్పిపోయినా ఆ వారం కబురు పోదు. పేరు నమోదైన నంబరు నుంచి 14423కి చేస్తే మళ్లీ వినొచ్చు. మీ ఆయన రాత్రి రూముకి చేరాక నీతో మాట్లాడతారు కదా, అప్పుడు దానికి చేసి కాన్ఫరెన్స్ కలపమను. ఇద్దరూ వినొచ్చు. నంబరు మారేదాకా అలా నడిపించండి.

నంబరు మార్చడం పెద్ద పని కాదు, ఏఎన్‌ఎంకి చెబితే మారుస్తారు. ఎవరి నంబరు ఇవ్వాలన్నదే ఆలోచించాల్సింది. మొదట 'అత్తగారి నంబరు ఇచ్చెయ్' అని రాసి, తర్వాత కొట్టేశాను. నీది మొదటి కాన్పు. సీమంతం కాగానే పురిటికి పుట్టింటికి తీసుకెళ్తారు. అత్తగారి ఫోను అత్తగారి దగ్గరే ఉండిపోతుంది, కాల్ మళ్లీ నువ్వు లేని ఇంట్లో మోగుతుంది. మీ అమ్మ నంబరు ఇస్తే ఇప్పుడు వినలేవు. అందుకని నీకంటూ ఒక ఫోను ఉండాలి. టచ్ ఫోనే కానక్కర్లేదు, ఇది మాటే కాబట్టి కీప్యాడ్ ఫోను చాలు. కుంకుమపువ్వు కొందామనుకుంటే ఆ డబ్బు ఇందులో పెట్టమని మీ ఆయనకి చెప్పు. రీచార్జి అయిపోకుండా చూసుకో, ఇన్‌కమింగ్ ఆగిపోతే ఇది కూడా ఆగిపోతుంది.

ఫోను వచ్చాక చెవికి ఆనించుకుని గదిలో ఒక్కదానివే వినకు. వంటింటి గట్టు మీద పెట్టి స్పీకర్ ఆన్ చెయ్, అత్తగారు బియ్యం ఏరుకుంటూ వింటారు. ఎందుకు చెబుతున్నానంటే, మధ్యప్రదేశ్‌లో కొన్ని వేలమంది తల్లులతో ఈ కాల్స్‌ని పరీక్షించి చూశారు. కాల్ అందినవాళ్లలో కాన్పుకీ కాన్పుకీ ఎడం ఉంచే పద్ధతులు వాడటం కాస్త పెరిగింది. బిడ్డకి ఆరు నెలలూ తల్లిపాలే పట్టడంలో మాత్రం తేడా కనిపించలేదు. నాకేమీ ఆశ్చర్యం వేయలేదు. పురిటి మంచం దగ్గర బిడ్డ నోట్లో తేనె నాకించేది తల్లి కాదు. కాల్ వచ్చేది తల్లికి, చెంచా ఉండేది పెద్దావిడ చేతిలో. ఆ రెండు నిమిషాల మాట పెద్దావిడ చెవిన కూడా పడాలి.

'మేము కనలేదా' అంటే ఎదురు చెప్పకు. కన్నారు మరి. నేను ఇళ్లకి వెళ్లినప్పుడు వాదన పెట్టుకునేదాన్ని కాదు. 'మీకెన్ని కాన్పులమ్మా, ఎక్కడయ్యాయి' అని అడిగి కూర్చునేదాన్ని. ముందు గొప్పలు చెప్పేవారు, పొలంలో నాట్లు వేస్తూ వేస్తూ ఇంటికొచ్చి కన్నానని. కాసేపయ్యాక గొంతు తగ్గేది. 'మా చెల్లెలికి గుర్రపువాతం, అదే ఫిట్స్, వచ్చింది, బండి కట్టేలోపే పోయింది' అనో, 'పెద్దాడి ముందు ఒకడు పుట్టి ఏడో రోజున పోయాడు' అనో బయటికొచ్చేది. ఆ తర్వాత బీపీ చూపించుకోవాలని నేను పాఠం చెప్పక్కర్లేకపోయేది, ఆవిడే కోడలి చెయ్యి ముందుకు చాపేది. మీ అత్తగారి దగ్గర కూడా అలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. అడిగి చూడు. ఇంకో సంగతి గమనించావా, వాట్సాప్‌లో ఏం వచ్చిందో ఆవిడకి చదివి చెప్పేది నువ్వే. నీ నోటి మాట మీద ఆవిడకి నమ్మకం ఉన్నట్టేగా. కార్డు వెనక బొమ్మలతో సహా అన్నీ రాసి ఉంటాయి, అవి కూడా చదివి వినిపించు.

ఎర్ర మాత్రల గురించి కాస్త పొడుగ్గానే చెబుతాను, అవి ఆపేశానన్నావు కాబట్టి. బిడ్డ రంగు నీదో, మీ ఆయనదో, మీ తాతముత్తాతలదో అవుతుంది. మాత్రకీ దానికీ సంబంధం లేదు. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకో అనుమానం ఉంది. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది. అది చూసి లోపల బిడ్డ కూడా నల్లబడుతుందని ఎవరో అనుకుని ఉంటారు. అది ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము రంగు, అంతకుమించి ఏమీ లేదు.

ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, పురుడయ్యాక మరో 180 రోజులు. ఇంతగా ఎందుకు పట్టుబడతారంటే, కాన్పులో ఎవరికైనా రక్తం పోతుంది. 11 గ్రాముల రక్తంతో, అంటే హిమోగ్లోబిన్‌తో, లోపలికి వెళ్లినామె తట్టుకున్నంత, 7తో వెళ్లినామె తట్టుకోలేదు. నా ఉద్యోగంలో నేను నిద్ర మానుకున్న రాత్రులు చాలావరకు ఈ ఒక్క లెక్క వల్లే. నీ కార్డులో రక్తం ఎంత రాశారో చూడు. 11 లోపు ఉంటే రక్తహీనత ఉన్నట్టు. 7 లోపు ఉంటే మాత్రలు మింగుతూ ఇంట్లో కూర్చోకూడదు, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి.

వికారం మాట నిజమే, చాలామందికి వస్తుంది. పరగడుపున వేసుకుంటున్నావేమో. రాత్రి అన్నం తిన్న కాసేపటికి, పడుకోబోయే ముందు నిమ్మకాయ నీళ్లతో వేసుకో, వికారం తెలిసేలోపు నిద్ర పట్టేస్తుంది. టీతోనూ పాలతోనూ వద్దు, ఆ రెండూ ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్రలు కూడా ఇచ్చి ఉంటారు, వాటిని దీనితో కలిపి మింగకు. పొద్దున టిఫినయ్యాక ఒక కాల్షియం, మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంకొకటి, రాత్రికి ఎర్ర మాత్ర. మలబద్ధకం చేస్తే నీళ్లు, తోటకూర, జామకాయ పెంచు. ఇన్ని చేసినా పడకపోతే నీ అంతట నువ్వు ఆపేయకుండా నర్సమ్మకి చెప్పు. మాత్ర మారుస్తారు, అవసరమైతే సెలైన్‌లో ఎక్కిస్తారు. మీ అత్తగారికి మాత్ర మీద నమ్మకం లేకపోయినా చోడి (రాగి) అంబలి మీద, మునగాకు మీద ఉంటుంది. అవీ పెట్టమను, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డూ పాలూ ఇంట్లో అందరికీ పంచకుండా నువ్వే తిను. వీటితో సరిపోతుందిలే అని మాత్రం మాత్ర మానకు.

వాట్సాప్ గురించి ఎక్కువ రాయను. పచ్చి బొప్పాయి వద్దన్నమాట సరైనదే, అందులో జిగురు పాలుంటాయి, అవి గర్భిణికి మంచివి కావు. బాగా ముగ్గిన పండు తింటే ఏమీ కాదు. కుంకుమపువ్వు పాలు తాగితే పాల బలం వస్తుంది, బిడ్డ రంగు మారదు. గ్రహణం నీడ కడుపులోకి వెళ్లదు. ఆ రోజు కూర్చోమంటే కూర్చో, పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకు, కానీ తిండీ నీళ్లూ మానకు. మాత్ర కూడా మానకు. మీ ఆడపడుచు చెడు కోరి పంపడం లేదు. తనకెవరో పంపారు, తను మీకు పంపింది. కబురు ఎవరి నుంచి మొదలైందో తెలియకపోతే దాన్ని కబురుగానే చూడాలి, సలహాగా తీసుకోకూడదు.

ఆ లింకు మాత్రం నొక్కొద్దు, అత్తగారి ఫోన్లోంచి తీసేసెయ్. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకి 5,000 రెండు విడతల్లో ఇస్తారు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఆధార్‌తో కలిపిన నీ ఖాతాలోనే పడతాయి. ఆశాకో అంగన్‌వాడీ టీచరుకో కాగితాలిస్తే సరిపోతుంది. ఎవరూ ఫోన్ చేసి ఓటీపీ అడగరు. కిల్కారి కాల్ కూడా ఏనాడూ డబ్బు, ఖాతా నంబరు అడగదు. ఎవరైనా ఇప్పటికే నొక్కి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

'ఎవరి మాట వినాలి' అన్నావు. నీ ఒంటి మాట అందరికన్నా ముందు. కాల్ వారానికొకసారి వస్తుంది, ఆ వారంలో ఆడవాళ్లందరికీ పనికొచ్చేది చెబుతుంది. నీకు ఇవాళ ఏమైందో దానికి తెలియదు.

ఒక సీమంతం చెబుతాను. నేనూ పిలుపందుకుని వెళ్లాను. ముత్తయిదువలు గాజులు తొడుగుతున్నారు. కొలత చూసి కొన్న గాజులే, ఒక్కటీ ఎక్కడం లేదు. సబ్బు నీళ్లు తెచ్చారు. 'కడుపులో మగపిల్లాడు, అందుకే ఒళ్లు చేసింది' అని ఒకావిడ నవ్వింది. ఆ పిల్ల మొహం చూస్తే కళ్ల కింద కూడా ఉబ్బి ఉంది. తలనొప్పిగా ఉందా అని అడిగితే 'రెండు రోజుల నుంచి, ఎండకేమో' అంది. సంచిలో ఉన్న బీపీ మిషన్ తీసి అక్కడే కట్టాను. 160, 110. హారతి కూడా ఆగకుండా 108లో ఎక్కించాం. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఆ బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఆడపిల్లే.

అందుకని తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, మొహం చేతులు ఉబ్బడం, ఒక్క చుక్కైనా రక్తం, ఉమ్మనీరు కారడం, జ్వరం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఆ వారం కాల్ ఏం చెబుతుందోనని ఎదురు చూడకు. చెన్నైకి ఫోన్ చేసి అడిగి వెళ్దామనీ అనుకోకు. ముందు 108, తర్వాత మీ ఆయనకి. బిడ్డ కదలికలు ఇప్పుడిప్పుడే బాగా తెలుస్తుంటాయి. ఏడో నెల నిండాక రోజూ భోజనమయ్యాక ఎడమవైపు తిరిగి పడుకుని గమనించుకో, బిడ్డకొక అలవాటు ఉంటుంది. అది తగ్గినట్టనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్లు. నెలనెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకి డాక్టరు చూస్తారు, ఆ రోజు తప్పకుండా చూపించుకో.

ఈ తర్వాతి పేరా నీకోసం కాదు, ఇది చదివే ఆశాలకీ ఏఎన్‌ఎంలకీ. నువ్వు దాటేసెయ్. నా పరిధిలో ఒకామెకి ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. కాన్పు వేరే ఊళ్లో అయింది. నాకు తెలిసింది, వెళ్లి పలకరించాను కూడా. కానీ కంప్యూటర్‌లో ఎక్కించడం వాయిదా వేశాను, ఆ నెల పల్స్ పోలియో పనిలో పడి. కాన్పు తేదీ దాటి ఆరు వారాలయ్యాక ఆమె ఫోనుకి మెసేజ్ వెళ్లింది, మీ శిశువుకి టీకా వేయించండి అని. ఆమె తిట్టలేదు. సబ్ సెంటర్‌కి నడిచొచ్చి ఫోను బల్ల మీద పెట్టి, 'దీన్ని ఆపడం ఎలాగో నాకు రాదమ్మా' అంది. తప్పు మెషీన్‌ది కాదు, నాది. ఇప్పుడు కిల్కారి కూడా అంతే. గర్భం పోయిందనో బిడ్డ దక్కలేదనో పోర్టల్‌లో ఎక్కిస్తేనే కాల్స్ ఆగుతాయి. మిగతా ఎంట్రీలు రేపు చేసుకోవచ్చు, ఇది మాత్రం ఆ రోజే చేసెయ్యండి. పలకరించడానికి వెళ్లినప్పుడు ఆ నంబరుకి ఏయే కాల్స్ వస్తున్నాయో కనుక్కోండి.

నీ దగ్గరికి వస్తే, పుట్టింటికి బయల్దేరే ముందు ఇక్కడి ఆశాకి చెప్పి వెళ్లు. అక్కడికి వెళ్లిన వారంలోనే ఆ ఊరి ఏఎన్‌ఎంకి కార్డు చూపించు. లేకపోతే ఇక్కడివాళ్లు అక్కడ చూస్తున్నారనుకుంటారు, అక్కడివాళ్లు నువ్వు ఇక్కడిదానివనుకుంటారు. సంచిలో కార్డు, స్కాన్ రిపోర్టులు, మాత్రలు, ఫోను చార్జర్ పెట్టుకో. కాన్పు కాగానే తేదీ ఎక్కించమని అడగాలి, అప్పుడే కాల్ బిడ్డ వయసు పట్టుకుని మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి 102 తల్లీబిడ్డ వాహనం దింపుతుంది. ఆశా మూడో రోజున ఒకసారి, ఏడో రోజున ఒకసారి, అలా 42 రోజుల్లోపు ఆరుసార్లు ఇంటికి రావాలి. రాకపోతే నువ్వే కబురు పంపు. గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. అవి పిండి పారబోయమనేది ఈసారి మీ అత్తగారు కాకపోవచ్చు, మీ అమ్మే కావచ్చు. స్పీకర్ అక్కడ కూడా ఆన్‌లోనే ఉంచు. బాలింతకి నీళ్లు తక్కువివ్వాలి, వట్టి కారప్పొడి మెతుకులే పెట్టాలి అనే పథ్యం కూడా మన వైపు ఉంది. పాలు పడాలంటే నీళ్లూ పప్పూ కూరా అన్నీ కావాలి.

రేపు పొద్దున కార్డు తీసి, చివరి ముట్టు తేదీ, కాన్పు తేదీ, రక్తం ఎంతో, బీపీ ఎంతో ఒక కాగితం మీద రాసుకో. ఈ వారం కాల్ ఏ నెల అని చెబుతుందో మీ ఆయన్ని సరిగ్గా విని చెప్పమను, ఈసారి నవ్వకుండా. ఆ రెండూ పక్కపక్కన పెట్టి నాకు మళ్లీ రాయి.